ఇంటి తనఖా: సంతకమునకు ముందు

ఐనవిల్లి వంటి గ్రామములో ఇల్లు కట్టదలచినవాడు కాగితములు చంకన బెట్టుకొని మొదట పంచాయతీ సభ్యుని యింటికే వచ్చును. ఇంటిపన్ను రసీదు కావలెననియో, సాక్షిగా సంతకము చేయవలెననియో కోరును. ఆ సమయమున సభ్యుడు నాలుగు ప్రశ్నలు వేయగలిగినచో ఆ కుటుంబమునకు గొప్ప మేలు చేసినవాడగును.

మొదటి ప్రశ్న హక్కును గూర్చినది. ఇంటిపన్ను రసీదు పన్ను కట్టినందుకు సాక్ష్యమే గాని హక్కుపత్రము కాదు. గ్రామకంఠములోని పాత ఇండ్లలో పెక్కింటికి దస్తావేజులే లేవు. 2020లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము, డ్రోనులతో కొలతలు వేసి ఆస్తికార్డు లిచ్చుట ద్వారా, ఈ లోటును తీర్చుటకే ఏర్పడినది.

రెండవది దస్తావేజును గూర్చినది; దీనిని కొంత నిదానముగా చెప్పవలసి యున్నది. అప్పిచ్చువాడు కొన్నియెడల తనఖా వ్రాయించుకొనక, పూర్తి విక్రయపత్రమునే వ్రాయించుకొనును. “బాకీ తీర్చిన నాడు తిరిగి వ్రాసి యిచ్చెదను, మనలో మనకు కాగితమెందుకు?” అని నోటిమాట యిచ్చును. ఆ మాటను నమ్మి ఇల్లు పోగొట్టుకొనుట సులభము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షను ప్రకారము, తిరిగి యిచ్చెదనను షరతు ఆ విక్రయపత్రములోనే వ్రాసి యుండనిచో, ఆ లావాదేవీని తనఖాగా ఎంచుటకు వీలు లేదు. వేరొక కాగితముపై వ్రాసికొన్నను దానిని తనఖాగా మార్చజాలదు. నిజమైన తనఖాయందు మాత్రము, సొమ్ము చెల్లించి ఆస్తిని విడిపించుకొను హక్కును 60వ సెక్షను కాపాడుచున్నది. ఫలానా తేదీ దాటినచో ఇల్లు అప్పిచ్చినవానిదే యగునని తనఖా పత్రములో వ్రాసికొన్నను ఆ హక్కు పోదు. కావున సాక్షిగా సంతకము చేయు సభ్యుడు పత్రమును తుదివరకు చదివి, ఋణగ్రస్తునకు చదివి వినిపించి, ఇది తనఖాయా, అమ్మకమా అని తేల్చుకొనవలెను. మొహమాటము ఇక్కడ పనికిరాదు.

ఇక వడ్డీ. నెలకు నూటికి రెండు రూపాయలనగా వినుటకు స్వల్పముగా తోచును; ఏడాదికది 24 శాతము. “పది శాతమే” యనువారు తొలి అసలుపైననే కడవరకు వడ్డీ కట్టుదురేమో చూడవలెను. లక్ష రూపాయలకు ఐదేండ్లలో 50 వేలు వడ్డీ వేసి, నెలకు 2,500 చొప్పున కట్టించుకొన్నచో, అసలు వడ్డీ 17 శాతమునకు పైబడును. వాయిదాల కాలము కూడ ముఖ్యమే. పది లక్షల ఋణమును 9 శాతము వడ్డీపై 20 ఏండ్లకు తీసికొన్నచో నెలకు సుమారు 8,997 రూపాయలు. 15 ఏండ్లకైనచో 10,143. నెలకు 1,146 రూపాయలు ఎక్కువ కట్టగలిగినవానికి మొత్తముమీద మూడు లక్షల ముప్పదివేలకు పైగా మిగులును.

అయితే కట్టగలుగుట యనునది కొబ్బరితోటను బట్టి యుండును. బ్యాంకు వాయిదా నెలనెలా వచ్చును. దింపు నెలనెలా రాదు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో తోటలు నేలకూలిన సంగతి పెద్దలు మరువలేదు. కొత్త మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును, వాయిదా ఆగదు. ఆదాయమంతయు లెక్కించి అంచు వరకు అప్పు చేయుట ఈ ప్రాంతమున తగదని నా అభిప్రాయము.

2024 అక్టోబరు 1 నుండి కొత్త గృహఋణమునకు బ్యాంకు ఒక కీలక వివరముల పత్రము నీయవలెను. వడ్డీ, ఖర్చులు అన్నియు కలిపిన వార్షిక శాతము అందుండును. ఋణగ్రహీతకు తెలిసిన భాషలో అది యుండవలెను. తెలుగులో అడిగి తీసికొనుట హక్కు. రెండు మూడు బ్యాంకుల పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఏది చౌకయో తెలియును. మారెడి వడ్డీపై సొంత యింటికై వ్యక్తి తీసికొన్న ఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకు అదనపు రుసుము వసూలు చేయరాదు.

వాయిదాలు తప్పి, 2002 నాటి చట్టము క్రింద బ్యాంకు నోటీసు వచ్చినచో, అందు 60 దినముల గడువుండును. దానిని చూరులో దోపి యూరకుండుట పొరపాటు. ఆ గడువులో లిఖితపూర్వకముగ అభ్యంతరము తెలుపవచ్చును, దానికి బ్యాంకు జవాబీయవలెను.

అప్పు పూర్తిగ తీరిన పిమ్మట 30 దినములలో దస్తావేజులు తిరిగి యీయవలెనని రిజర్వుబ్యాంకు 2023లో ఆదేశించినది. బ్యాంకు వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున ఋణగ్రహీతకు చెల్లించవలెను.