కొండ మీద చల్లగా ఉంటుందా?

సందేహాలు - సమాధానాలు

ఉగాది దగ్గరపడిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఎండ గురించే ఉంటాయి. ఈసారి కొండలెక్కాలనుకునేవాళ్లు ఎక్కువమంది రాశారు. వాటిలో అందరికీ పనికొచ్చేవి కొన్ని ఇవి.

ప్రశ్న: పోయిన ఏడాది మే నెలలో మిత్రులతో కలిసి మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ దాకా పోయాం. స్వెట్టర్లు వేసుకున్నా వణికిపోయాం. ఈసారి ఏప్రిల్ నెలాఖరులో అహోబిలం ఉగ్రస్తంభం ఎక్కాలని ఉంది. కింద ఆళ్లగడ్డలో 42 డిగ్రీలున్నా కొండ మీద చల్లగానే ఉంటుంది కదా?
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ఉండదు. రోహ్‌తాంగ్ ఎత్తు 3,978 మీటర్లు. మన నల్లమలలో పెద్ద శిఖరంగా చెప్పుకునే భైరానికొండ కూడా వెయ్యి మీటర్లు అందుకోదు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడే మాట నిజమే. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు, మన వేసవి మధ్యాహ్నపు పొడిగాలిలో అయితే తొమ్మిది దాకా తగ్గుతుంది. కాని నంద్యాల మైదానం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 600 మీటర్లు ఎక్కారనుకున్నా మీకు దక్కేది నాలుగు నుంచి ఆరు డిగ్రీలు. 42 పోయి 37 వస్తుంది. అది కూడా నీడలోని గాలి లెక్క. వాతావరణ శాఖ ఉష్ణమాపకం తెల్లరంగు చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడపట్టున కూర్చుని ఉంటుంది. మీరు నడిచేది బండల మీద.

ఆ బండల సంగతి కొంచెం చెప్పాలి. నల్లమల శిఖరాలు ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాతివి. ఇసుకరాయి ఒత్తిడికి, వేడికి గట్టిపడి అయిన రాయి ఇది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి పొరల్లో ఒకదానికి భైరానికొండ పేరే పెట్టారు. పొద్దెక్కిన రెండు గంటల్లో ఈ బండ కాగుతుంది. మధ్యాహ్నానికి దాని మీద అరచెయ్యి ఆన్చలేరు. పైనుంచి ఎండ, కింద నుంచి సెగ, పక్కనున్న కొండగోడ నుంచి ఇంకో సెగ. ఏప్రిల్‌లో నల్లమల చెట్లు చాలావరకు ఆకు రాల్చి మోడులై ఉంటాయి. అడవి కదా, నీడ దొరుకుతుంది అనుకుని బయలుదేరితే కొమ్మల గీతలే మీద పడతాయి.

మీరు ఎంచుకున్న తేదీల్లో ఇంకో చిక్కుంది. అహోబిలం ఉన్నది 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. మే నెల మొదటి రెండు రోజుల్లో సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కడపలో ఒకటి రెండు రోజులు ముందు, కర్నూలులో ఒకటి రెండు రోజులు తర్వాత. పగలు పన్నెండు దాటి పది పన్నెండు నిమిషాలకు మీ నీడ మీ కాళ్ల కిందికి చేరుతుంది. మామూలు రోజుల్లో పొద్దుటా సాయంత్రం లోయకు ఒక పక్క నీడనిచ్చే కొండగోడ కూడా ఆ వేళకు ఏమీ చెయ్యలేదు.

అందుకని చల్లదనం కోసం ఎత్తును నమ్ముకోవద్దు, గడియారాన్ని నమ్ముకోండి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని గుడి మీదుగా ఉగ్రస్తంభానికి పోయి రావడం ఎంత చురుకైనవాళ్లకైనా నాలుగైదు గంటల పని. ఆ రోజుల్లో 5:50కి తెల్లవారుతుంది. దారి చూపడానికి స్థానికుణ్ణి మాట్లాడుకుని, వెలుతురు రాగానే కదలండి. ఎనిమిదిన్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి. స్తంభం కంటికి కనిపిస్తున్నా సరే. ఎక్కడం పొద్దున జరుగుతుంది కాబట్టి అందరికీ ధైర్యంగా ఉంటుంది. అలసిపోయి, సీసాలు ఖాళీ అయ్యాక, ఎండ ముదిరాక దిగేది ఇంకా మిగిలి ఉంటుంది. వడదెబ్బ తగిలేది ఎక్కువగా అప్పుడే. నేనూ చిన్నతనంలో ఒకసారి ఈ లెక్క తప్పాను. ఆఖరి మైలు చెప్పులు లేకుండా దిగినట్టే దిగాను, అడుగు ఊడిపోయి. వేడికి బంక కరిగిందని తర్వాత తెలిసింది. పాత బూట్లు వేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: మనిషికి ఎన్ని నీళ్లు మోయాలి? దారిలో భవనాశిని వాగు ఉంది కదా?
ఒక విద్యార్థిని, నంద్యాల

సమాధానం: వాగు ఉంది, నీళ్ల సంగతే చెప్పలేం. ఏప్రిల్ వచ్చేసరికి మన వంకలు చాలావరకు మడుగులుగా తెగిపోతాయి. బండల మధ్య దొనల్లో మిగిలిన నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా, వాటి మీద కోతులూ ఎలుగుబంట్లూ ఆధారపడి బతుకుతుంటాయి. కాచకుండా తాగొద్దు.

ఎండలో కొండెక్కే మనిషికి గంటకు ముప్పావు లీటరు లెక్క వేసుకోండి. ఐదు గంటలకు నాలుగు లీటర్లు. బరువే, కాని దిగేటప్పటికి ఉండదు. సీమలో మోసం ఎక్కడంటే చెమట కనపడదు. విజయవాడలో అయితే చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇక్కడ మధ్యాహ్నం గాలిలో తేమ తక్కువ, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే పట్టలేదని నీళ్లు మిగుల్చుకుంటారు. చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూసుకోండి, ఎంత పోయిందో తెలుస్తుంది.

ఉత్త నీళ్లే గడగడా తాగుతూ పోయినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. నాలుగు లీటర్లలో ఒక లీటరుకు ఓఆర్‌ఎస్ పొట్లం కలపండి. పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపాలి, అరలీటరులో కాదు. ఉప్పేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి బయలుదేరే ముందు తాగితే మంచిది. నన్నారి షర్బత్ కిందికి దిగాక తాగండి. రుచిలో దానికి సాటి లేదు, కాని అందులో ఉన్నది చక్కెర, ఉప్పు కాదు.

ప్రశ్న: పొద్దుటి ఎండ తప్పించుకోవడానికి మూడు గంటలకు బయలుదేరి, పైన సూర్యాస్తమయం చూసి టార్చిలైట్లతో దిగితే?
ఒక ఉద్యోగి, కర్నూలు

సమాధానం: మూడు గంటలంటే రోజులో వేడి పతాక స్థాయిలో ఉండే వేళ. ఆ సంగతి అలా ఉంచినా, వేసవిలో మన కొండల మీద ఎండకన్నా భయపడాల్సింది సాయంత్రానికే.

ఏప్రిల్, మే నెలల్లో వాతావరణ శాఖ ప్రకటనల్లో ‘ద్రోణి’ అనే మాట తరచుగా వింటుంటారు. విదర్భ వైపు నుంచి రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా గాలులు కలుసుకునే ఒక గీత లాంటిది అది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి, పొద్దంతా కాగిన నేల మీది గాలితో కలిసి ఎగదన్నుకుంటుంది. కొండలు దాన్ని ఇంకాస్త పైకి తోస్తాయి. రెండింటి దాకా ఆకాశం ఖాళీగా ఉంటుంది, నాలుగింటికి కాలీఫ్లవర్‌లా మబ్బు లేస్తుంది, ఐదింటికి గాలివాన. ముందు దుమ్ము లేపే ఈదురుగాలి, తర్వాత పిడుగులు. వాన రెండు చినుకులతోనే ఆగిపోవచ్చు, పిడుగులు ఆగవు.

ఉగ్రస్తంభం అంటేనే కొండకొమ్మున ఒంటరిగా నిలబడ్డ రాయి. పిడుగుకు అంతకన్నా అనువైన చోటుండదు. మెరుపు కనపడగానే లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకు ఒక కిలోమీటరు నడుస్తుంది. ముప్పై లోపే వినిపించిందంటే మబ్బు పది కిలోమీటర్లలో ఉంది, మీరు దాని అందుబాటులో ఉన్నారు. వెంటనే కొమ్ము దిగండి. ఒంటరి చెట్టు కిందికి, నాలుగు స్తంభాల మంటపంలోకి, బండ చూరు కిందికి దూరకండి. అవి వానకే అడ్డం. అందరూ ఒకచోట గుంపుగా ఉండకుండా ఎడంగా దిగండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాటితేనే ప్రమాదం తప్పినట్టు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పడే పిడుగులను చూపిస్తుంది. కాని లోయలో సిగ్నల్ ఉండదు, చెవులే దిక్కు. పైన ఎక్కడో కురిసిన వానకు వంక ఉన్నట్టుండి పొంగొచ్చు కూడా. చీకట్లో దాన్ని దాటే పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, నాకు అరవై రెండు. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల దారిన శ్రీశైలానికి నడిచి పోవడం ఏటా చూస్తున్నాను. ఈసారి నేనూ పోదామనుకుంటే పిల్లలు ఎండకు భయపడి వద్దంటున్నారు.
ఒక రైతు, ఆత్మకూరు

సమాధానం: ఆ భక్తులు నడిచే తీరు చూస్తే మీ పిల్లలకే ధైర్యం వస్తుంది. తెల్లవారుజామున కదులుతారు, ఎండ ముదరగానే నాగలూటి దగ్గరో, పెచ్చెరువు దగ్గరో నీడ చూసుకుని పడుకుంటారు, పొద్దు వాలాక మళ్లీ నడుస్తారు. మీ ఊరి గొర్రెల కాపరులు చేసేదీ అదే. పైగా ఉగాది నాటికి అగ్నినక్షత్రం రాదు, రోహిణి కార్తెకు ఇంకా రెండు నెలలుంటుంది. ఆ దారి అటవీశాఖ శివరాత్రికి, ఉగాదికి తెరిచి, మిగతా రోజుల్లో మూసి ఉంచుతుంది కాబట్టి ఆ గుంపులతో కలిసి పోవడమే పద్ధతి. భీమునికొలను దగ్గర దిగి ఎక్కే మెట్లు మాత్రం మోకాళ్లను పరీక్షిస్తాయి, ఒక కర్ర పట్టుకోండి. బీపీకి నీళ్లు పోయే మాత్ర వేసుకుంటున్నారేమో చూసుకోండి. వేసుకుంటుంటే ముందు మీ డాక్టరును అడగాలి. ఇది తప్పనిసరి. మాత్ర మానేయడం మీరే నిర్ణయించుకోకూడదు. మిగతాది మీ కాళ్ల ఓపిక. నా మటుకు నేను పొమ్మనే అంటాను.

ప్రశ్న: లంకమలలో రాత్రి గుడారం వేసుకుని, తెల్లవారి కొండెక్కితే ఎండ బాధ ఉండదు కదా?
ముగ్గురు మిత్రులు, కడప

సమాధానం: ఆలోచన బాగుంది, చోటు బాగాలేదు. అది అభయారణ్యం. కలివికోడి కోసం, ఎర్రచందనం కోసం కాపలా ఉండే అడవి. అనుమతి లేకుండా రాత్రిపూట టార్చితో తిరిగితే మిమ్మల్ని ఎవరనుకుంటారో వేరే చెప్పాలా? పైగా వేసవిలో బోదగడ్డి ఎండి ఉంటుంది, వంట మంట నుంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు. గండికోటకు పోండి. పెన్న లోయ అంచున తెల్లవారడం చూసి ఎనిమిదికల్లా ఇంటిదారి పట్టొచ్చు. కొండగోడలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి, అక్కడ పొగ, సెంటు వద్దు.

ప్రశ్న: వడదెబ్బ తగిలిందని, వట్టి అలసటేనని తేడా ఎలా తెలుస్తుంది?
ఒక ఉపాధ్యాయురాలు, జమ్మలమడుగు

సమాధానం: పేరు, ఊరు, ఏ రోజో అడగండి. అలసిన మనిషి విసుక్కుంటూనైనా సరిగ్గా చెబుతాడు. నీడలో కూర్చోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, ఉప్పునీళ్లు తాగిస్తే అరగంటలో తేరుకుంటాడు. పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని నిమ్మళపడొద్దు, ఎండలో శ్రమపడినవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. తాగడానికి దాచుకున్న నీళ్లు కూడా అప్పుడు తల మీద, మెడ మీద, చంకల్లో పోసి, తువ్వాలుతో విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. ఒకరు సిగ్నల్ దొరికే చోటికి పోయి 108కి ఫోన్ చెయ్యాలి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచెయ్యదు.

వచ్చే సంచికకు రాసేవాళ్లకు ఒక మాట: కొండ పేరు, వెళ్లే తేదీ, గుంపులో అందరికన్నా పెద్దవాళ్ల వయసు, వాళ్లు వేసుకునే మందులు కూడా రాయండి. ఆ నాలుగూ లేని ఉత్తరాలు ఈ నెల పక్కన పెట్టాల్సి వచ్చింది.