పాఠం 9: మేజోళ్ళకు కొత్త నమూనా, కొత్త పేరు

గత పాఠాల్లో నిట్, పర్ల్ కుట్లు, నాలుగు సూదులతో గుండ్రంగా అల్లడం నేర్చుకొన్నారు. అవన్నీ ఇతరులు రాసిన నమూనాలు. ఇప్పుడు మీ సొంత నమూనా తయారుచేసి, దానికి పేరు పెట్టబోతున్నారు. పాఠం పూర్తయ్యేసరికి మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. మిమ్మల్ని ఏమీ అడగకుండా, ఆ కాగితం చూసి మరొకరు అదే మేజోడు అల్లగలగాలి.

9.1 ఎక్కడ ఉన్నాం?

మీరు కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఉన్నారనుకోండి. పక్కనే ఖిదిర్‌పూర్, దాని రేవు. మన దేశంలో హొజరీ పరిశ్రమ 1893లో ఖిదిర్‌పూర్‌లోనే మొదలైందని చెబుతారు. యంత్రం మీద అల్లిన జత చవకగా దొరికే ఈ నగరంలో ధర విషయంలో మీరు పోటీపడలేరు. ఆ ప్రయత్నం చేయకండి కూడా. కొనేవారి పాదానికి అమరేటట్లు అల్లడం, చూడగానే గుర్తుపట్టే రూపం ఇవ్వడం మీ చేతిలో ఉన్నాయి. కోల్‌కతాలో చలి కొద్ది వారాలే కాబట్టి మందపు ఉన్ని వద్దు. ఉన్ని, నైలాన్ కలిసిన సన్నని దారం తీసుకోండి. మడమ దగ్గర అరుగుదలను నైలాన్ తట్టుకొంటుంది.

9.2 లెక్క

ముందుగా ఒక నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరిన తరవాత కొలవండి. ఉతకని ముక్క కొలతను నమ్మకండి. 10 సెం.మీ. వెడల్పులో 28 కుట్లు వచ్చాయనుకొందాం. పాదం చుట్టుకొలత 22 సెం.మీ. మేజోడు కాలిని పట్టి ఉండాలంటే సుమారు పదోవంతు తగ్గించాలి. అంటే 20 సెం.మీ., అనగా 56 కుట్లు.

ఇప్పుడు రూపం. రేవు దగ్గర ఉన్నాం కనుక నీటి అల వంటి వంకర గీత వేద్దాం. దాని వెడల్పు 8 కుట్లు ఉండవచ్చా? 56ను 8తో భాగిస్తే 7 వస్తుంది. లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని మడమ దగ్గరకు వచ్చేసరికి కుట్లను రెండు సగాలు చేస్తాం. సగం 28. అందులో 8 కుట్ల అలలు మూడున్నర పడతాయి. పాదం మీద అల సగంలో తెగిపోతుంది. అదే వెడల్పు 7 కుట్లయితే చుట్టూ 8 అలలు, పాదం మీద సరిగ్గా 4 వస్తాయి. కొత్తగా నమూనా చేసేవారు ఎక్కువగా ఇక్కడే చిక్కుకొంటారు. మొత్తం కుట్లే కాదు, సగం కుట్లు కూడా రూపం వెడల్పుతో భాగింపబడాలి.

వరసలు ఇవి. ఒక్కొక్క వరసను చుట్టూ 8 సార్లు అల్లండి.

1వ వరస: 1 పర్ల్, 6 నిట్
2వ వరస: 1 నిట్, 1 పర్ల్, 5 నిట్
3వ వరస: 2 నిట్, 1 పర్ల్, 4 నిట్
4వ వరస: 3 నిట్, 1 పర్ల్, 3 నిట్
5వ వరస: 3వ వరస వలె
6వ వరస: 2వ వరస వలె

పై అంచు 2 నిట్, 2 పర్ల్ చొప్పున 4 సెం.మీ. అల్లి, ఈ ఆరు వరసలను 8 సార్లు చేయండి. మడమ పలకను 28 కుట్ల మీద 28 వరసలు అల్లండి. ప్రతి వరసలో మొదటి కుట్టును అల్లకుండా జార్చండి. మడమ తిప్పాక 16 కుట్లు మిగులుతాయి. రెండు అంచుల నుంచి 14 చొప్పున ఎత్తుకొంటే, పాదం పైనున్న 28తో కలిపి 72. వరస విడిచి వరస రెండేసి తగ్గిస్తూ మళ్ళీ 56కు రండి. మిగతాది మీకు తెలిసిందే.

9.3 పేరు

మేజోళ్ళ మీద కనిపించే వజ్రాకారపు గళ్ళకు ఆర్గైల్ అని పేరు. అది స్కాట్లండ్‌లోని ఒక ప్రాంతం పేరు. ఫెయిర్ ఐల్ ఒక ద్వీపం. ఊరి పేరు మోసే అల్లిక వెనక ఎందరో చేతులు ఉంటాయి. మన నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌలీ మేజోళ్ళకూ అటువంటి గుర్తింపు ఉంది. అటువంటి పేర్లను మీ మేజోడుకు తగిలించకూడదు. ఏక్‌బాల్‌పూర్ పేరు పెట్టినా, అక్కడ తరతరాల మేజోళ్ళ సంప్రదాయం ఉందని కొనేవారు పొరబడతారు.

లహరి అనే మాట చూడండి. తెలుగువారికి, బెంగాలీలకు తెలుసు. లెహర్ అనే ఉర్దూవారికీ అందుతుంది. మీ వీధిలో మూడు భాషలవారూ పలకగలరు. దానికి కుట్ల సంఖ్య చేర్చండి: లహరి 56. పిల్లలకు లహరి 42, పెద్ద పాదానికి లహరి 70. సగం కూడా 7తో భాగింపబడాలి కనుక సంఖ్య 14 చొప్పునే పెరుగుతుంది. మధ్య కొలతలు కావాలంటే సూది మందం మార్చండి. పేరు వింటే అల్లేవారికి ఎన్ని కుట్లు ఎత్తుకోవాలో తెలుస్తుంది.

కాగితం మీద మీ పేరు, తేదీ తప్పక రాయండి. ఇది అలంకారం కాదు. నరసాపురం లేసు దేశదేశాలకు వెళ్ళింది. ఇంట్లో కూర్చుని అల్లిన స్త్రీలను మాత్రం పనివారుగా కాక గృహిణులుగానే లెక్కించారని మరియా మీస్ 1982లో వెలువడిన పుస్తకంలో చూపారు. మీరు రాసిన సూచనల మీద 1957 కాపీరైటు చట్టం ప్రకారం, నమోదు లేకుండానే, మీకు హక్కు ఉంటుంది. కుట్టు మీద ఎవరికీ ఉండదు. ఈ వంకర గీత కూడా ఎప్పటి నుంచో ఉన్నదే. నిజంగా కొత్త రూపం కల్పిస్తే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. చేతితో చేసిన వస్తువుకూ అది వర్తిస్తుంది. డిజైన్ల విభాగం ఉన్నది కోల్‌కతా పేటెంటు కార్యాలయంలోనే. అయితే దరఖాస్తుకు ముందే దాన్ని బజారులో ప్రదర్శిస్తే కొత్తదనం పోయినట్లు లెక్కిస్తారు.

పాఠ్యగత ప్రశ్నలు

1. పాదం చుట్టుకొలత 26 సెం.మీ.; 10 సెం.మీ.కు 30 కుట్లు. లహరి నమూనాకు ఎన్ని కుట్లు ఎత్తుకోవాలి?
2. 6 కుట్ల వెడల్పు గల రూపాన్ని 54 కుట్ల మేజోడులో వేస్తే మడమ దగ్గర ఏమవుతుంది?
3. మీ వీధిలో కనిపించే ఒక ఆకారాన్ని గళ్ళ కాగితం మీద గీసి, పేరు పెట్టండి. ఆ పేరును పొరుగువారిచేత పలికించి చూడండి.

జవాబులు: 1. 70. 2. సగం 27, పాదం మీద నాలుగున్నర రూపాలు పడి, ఒకటి తెగిపోతుంది.