కరేపాకు పురుగుకు మందు కొట్టకండి

ఈసారి పాములపాడు చుట్టుపక్కల వానలు ఆగి ఆగి పడుతున్నాయి. బెట్ట తర్వాత వచ్చిన వానకు పెరట్లో నిమ్మ, కరేపాకు ఒక్కసారిగా చిగురేశాయి. చిగురు వెంటే పురుగూ వచ్చింది. మొదట పిట్ట రెట్ట పడినట్టు నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది. రెండు వారాల్లో ముదిరి, ఆకులో కలిసిపోయే పచ్చరంగుకు వస్తుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాపి ఘాటు వాసన వదులుతుంది. దీనికేం కొట్టాలని అంగడికి పోతే, మిరపకు అమ్మే సీసానే చేతిలో పెడుతున్నారు. ఆ మందు కొనే ఇంట్లోనే పిల్లల ముచ్చట కోసం నర్సరీ పూలమొక్కలు తెచ్చి సీతాకోకచిలుకల తోట వేస్తున్నారు. ఈ రెండు పనులూ ఒక పెరట్లో పొసగవు. మీరు చంపుతున్నది నిమ్మ సీతాకోకచిలుక పిల్లనే.

సీతాకోకచిలుకల తోట అంటే పూలతోట అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. తేనె కోసం అవి రకరకాల పూల మీద వాలతాయి, గుడ్డు మాత్రం పిల్ల తినగలిగే ఆకు చూసే పెడతాయి. నిమ్మ సీతాకోకచిలుక నిమ్మ, కరేపాకు, మారేడు లేత ఆకుల మీద ఆవగింజంత పసుప్పచ్చ గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. వాతావరణం వెచ్చగా ఉంటే నెల తిరక్కముందే రెక్కలతో ఎగిరిపోతుంది. నారింజ రెక్కలకు నల్ల అంచు ఉన్నదానికి జిల్లేడు కావాలి. లేత పసుపు రెక్కలవి తంగేడు, రేల చెట్లు వెతుక్కుంటాయి. నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్ళు ఉన్నవాటికి ఈశ్వరి తీగ జాతే దిక్కు. ఈ ఆకులేవీ లేకుండా బంతి, నూరువరహాలు ఎన్ని నాటినా మీ పెరడు వాటికి పూటకూళ్ళ ఇల్లే. తిని పోతాయి, కాపురముండవు.

నిమ్మ రైతుకు అది పురుగే కదా అని అడగవచ్చు. ముమ్మాటికీ పురుగే. నారుమడిలో, లేత మొక్కల్లో ఆకు మిగల్చదు. అక్కడ కూడా గుడ్లను, పిల్లపురుగులను ఏరివేయడమే మొదటి పని, మందు ఆ తర్వాతి మాట. కాపుకొచ్చిన పెరటి చెట్టుకు నాలుగు రెమ్మలు పోతే ఏమీ కాదు, మళ్ళీ చిగురిస్తుంది. మరీ ఎక్కువైతే రెమ్మతో సహా తుంచి మారేడు మీదికి మార్చండి. అన్ని సీతాకోకచిలుకలూ సాధువులని చెప్పడం లేదు. దానిమ్మ కాయ తొలిచే పురుగు కూడా సీతాకోకచిలుక పిల్లే, దానిమ్మ తోట వాళ్ళు దాన్ని ఉపేక్షించకూడదు.

పెరట్లో వీటిని పెంచితే పక్కనున్న మిరప, పత్తి మీద పడతాయన్నది రెండో భయం. నిమ్మ పురుగు మిరప తినదు, జిల్లేడు పురుగు పత్తి ముట్టదు. చేలల్లో మనల్ని ముంచే శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు రాత్రి తిరిగే రెక్కల పురుగుల సంతానం, వాటి దారి వేరు. అయితే ఆకును చూసి ఎంచుకోవాలన్న మాట ఇక్కడా వర్తిస్తుంది. ఆముదం మీద ఒక జాతి సీతాకోకచిలుక పెరిగే మాట నిజమే కానీ, లద్దె పురుగుకూ అది ఇష్టమైన చెట్టే. చేను పక్కనే ఇల్లుంటే వద్దు. తుత్తురుబెండ పిండినల్లిని పోషిస్తుంది, దాన్నీ ఉంచకండి. వయ్యారిభామ పూల మీద ఎన్ని వాలినా సరే, పీకి పారేయండి. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ ఊడ్చేసినప్పుడు, ఆ వైరస్ ఉన్న పుప్పొడి తామర పురుగులకు దొరికింది ఈ కలుపు మీదే.

ఇక అమ్మేవాళ్ళ సంగతి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం ఏనాడో నిషేధించింది. రోజూ పోపులో వేసుకునే ఆకుకు దాన్ని రాసిచ్చేవాళ్ళను ఏమనాలి? సేంద్రియమంటూ బీటీ పొడి అంటగడుతున్నారు. అది పనిచేసేదే గొంగళి పురుగు కడుపులో, సీతాకోకచిలుక పిల్లను వదిలిపెట్టదు. కుండీలో ఇమిడాక్లోప్రిడ్ పోస్తే అది వేరు నుంచి పువ్వులో తేనె దాకా పాకుతుంది. నర్సరీ మొక్క కొనేటప్పుడు దానికేం వేశారో అడగండి. ముద్ద పూలకన్నా ఒంటి రేకుల పూలు మేలు, తేనె అందేది వాటిలోనే. లాంటానా అంటగడితే వద్దనండి, అడవుల్ని ఆక్రమించింది చాలు. వలలు, గోపురాలు కూడా దండగ. బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్టలో 2006లో పెట్టిన సీతాకోకచిలుకల పార్కుకు కప్పు కావాలి, అది జనానికి చూపించే చోటు. మీ పెరటికి అక్కర్లేదు.

తోటకు చోటు ఇంటికి తూర్పున చూసుకోండి. సీతాకోకచిలుక పొద్దుటి ఎండలో రెక్కలు కాచుకుంటే గానీ ఎగరలేదు. పడమటి గాలికి చేలల్లోంచి కొట్టుకొచ్చే మందు తుంపరకు ఇల్లే అడ్డుగోడ అవుతుంది. ఒక మూల ఇసుక పోసి తడిపి, చిటికెడు ఉప్పో, కాస్త పేడనీళ్ళో చల్లితే మగవి గుంపుగా వాలి పీల్చుకుంటాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఈశ్వరి తీగ విషం; పసిపిల్లలకు, పశువులకు అందనివ్వకండి.

మిగతా పంటలకు: మిరపలో నల్ల తామర పురుగు కనిపిస్తే నీలం జిగురు అట్టలు పెట్టండి, మూడు మందులు కలిపి కొట్టకండి. పత్తిలో లింగాకర్షక బుట్టకు వరసగా మూడు రోజులు ఎనిమిదేసి గులాబీ పురుగు రెక్కల పురుగులు పడితేనే మందు మాట ఎత్తండి. మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగును లేత దశలోనే చూసుకోండి. అనుమానముంటే ఆకు తీసుకుని రైతు సేవా కేంద్రానికో, 1906 నుంచి ఉన్న నంద్యాల పరిశోధనా స్థానానికో పోండి. సలహాకు అక్కడ డబ్బు అడగరు. అంగట్లో ఏం కొన్నా బిల్లు తీసుకోండి.