క్రైస్తవ గృహము – పెండ్లి – కట్నము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 24వ అధ్యాయము, ఆదికాండము 31:14-16, సంఖ్యాకాండము 27:1-11, లూకా 19:1-10, యోహాను 2:1-11, 1 పేతురు 3:7



కోతలు ముగిసి ధాన్యము ఇండ్లకు చేరిన తరువాత మన పల్లెలలో పెండ్లి మాటలు మొదలగును. సంఘములో ఒక ఇంట పెండ్లి కుదిరినదనగానే మనమందరము సంతోషించి దేవునికి స్తోత్రము చెల్లింతుము. అయితే ఆ సంతోషము వెనుక ఒక తండ్రి నిద్రలేక లెక్కలు వేసికొనుచుండును. ఉన్న ఎకరము అమ్మవలెనా, తాకట్టు పెట్టవలెనా, వడ్డీకి తేవలెనా అని భార్యాభర్తలు రాత్రివేళ మెల్లగా మాటలాడుకొందురు. గోడకు అవతల పండుకొన్న కుమార్తె ఆ మాటలన్నియు వినుచునే యుండును. తాను పుట్టుటవలననే ఇంటికి ఈ భారము వచ్చెనని ఆమె తలంచుకొనును. దేవుడు తన స్వరూపమందు సృజించిన బిడ్డ తన్ను తాను ఒక అప్పుగా ఎంచుకొనుట ఎంత దుఃఖకరము!

గనుక ఈ నెల కట్నమును గూర్చి వాక్యపు వెలుగులో ధ్యానింతము. ఇది అన్యుల ఆచారములను ఎంచుటకు వ్రాసిన పాఠము కాదు. మన గుడిలో, మన పెద్దల యెదుట, మన ప్రార్థనలతో జరుగుచున్న పెండ్లిండ్లను గూర్చిన పాఠము. ఇంటిల్లిపాది కూర్చుండి, బైబిలు తెరచి, పై భాగములను చదివిన తరువాత దీనిని చదువుడి.

1. అబ్రాహాము దాసుడు ఏమి వెదకెను?

అబ్రాహాము తన కుమారుడైన ఇస్సాకుకు భార్యను వెదకుటకు ఇంటి పెద్ద దాసుని పంపెను. ఆ దాసుడు పది ఒంటెలతో బయలుదేరి, సాయంకాలమున బావియొద్దకు చేరి, మొదట ప్రార్థన చేసెను. అతడు అడిగిన గురుతు ఏమిటో గమనించుడి. తనకు నీళ్లిచ్చుటయే గాక, అడుగకయే తన ఒంటెలకును నీళ్లు పోయు చిన్నదే తన యజమానుని కుమారునికి తగినదని అతడు ఎంచెను. ప్రయాణముచేసి డస్సిన పది ఒంటెలకు కడవతో నీళ్లు తోడి పోయుట చిన్న పని కాదు. మన స్త్రీలకు ఆ కష్టము తెలియును. రిబ్కా పరుగెత్తి ఆ పని చేసెను. దాసుడు దయగల మనస్సును, కష్టపడు చేతులను వెదకెను, వాటినే కనుగొనెను.

అతడు ఆమెను అడిగినవి రెండు ప్రశ్నలు: నీవు ఎవరి కుమార్తెవు? మీ ఇంట మాకు బసచేయ స్థలమున్నదా? నీ తండ్రి ఏమి ఇచ్చునని అతడు అడుగలేదు. పైగా కానుకలు తెచ్చినది వరుని పక్షమువారే.

మరియొక సంగతి. పెద్దలు మాట కుదుర్చుకొన్న తరువాత కూడ చిన్నదానిని పిలిచి ఆమె నోట విందమనిరి. ఆమె వెళ్లుదునని చెప్పిన పిమ్మటనే ఆమెను సాగనంపిరి. నేడు మన ఇండ్లలో పెండ్లి చూపులనాడు ఎందరు మాటలాడుదురు! మేనమామ మాటలాడును, మధ్యవర్తి మాటలాడును, పొరుగింటివారును మాటలాడుదురు. అమ్మాయిని మాత్రము పళ్లెము పట్టుకొని రమ్మందుము. ఆమె మనస్సు అడుగువారెవరు?

2. రాహేలు లేయాల మాట

యాకోబు రాహేలు కొరకు ఏడేండ్లును, మరల ఏడేండ్లును లాబాను ఇంట కొలువు చేసెను. మన ముత్తాతల కాలమున కూడ అనేక తెలుగు కులములలో వరుని పక్షమువారే వధువు తండ్రికి ఓలి ఇచ్చెడివారు. అందుచేత పూర్వపు ఓలియే మేలైనదని కొందరు తలంతురు. అయితే ఆదికాండము 31వ అధ్యాయములో ఆ ఇద్దరు కుమార్తెలు తమ తండ్రిని గూర్చి ఏమనిరో చదువుడి. అతడు తమ్మును పరాయివారిగా ఎంచెననియు, తమ్మును అమ్మివేసి ఆ సొమ్ము తానే తినివేసెననియు వారు చెప్పిరి. ఎన్ని సంవత్సరములు వారు ఆ మాటను మనస్సులో దాచుకొనిరో!

దీనివలన మనము నేర్చుకొనవలసినది ఇది. సొమ్ము ఈ పక్షమునుండి ఆ పక్షమునకు పోయినను, ఆ పక్షమునుండి ఈ పక్షమునకు వచ్చినను, అది వెలగా మారిననాడు గాయపడునది ఆడుబిడ్డయే. మరియు కట్నము మన తాతముత్తాతల ఆచారమని చెప్పు మాట మన ఇండ్లలో అనేకమునకు చెల్లదు. ఓలి ఇచ్చినవారి మనుమలే నేడు కట్నము అడుగుచున్నారు. నడుమ జరిగినదేమి? కుమారులకు చదువు వచ్చెను, ఉద్యోగము వచ్చెను. దానితోపాటు ధరయును వచ్చెను. సంఘము పల్లెలలో బడులు పెట్టి, అక్షరము రాని ఇండ్లలో దీపము వెలిగించినది మన కుమారుల ధర పెంచుటకా? ఆ చదువు దేవుడు ఉచితముగా ఇచ్చిన వరము. ఉచితముగా పొందినదానిని మరియొక పేదవాని యొద్ద వెలకు అమ్ముట న్యాయమా?

3. కుమార్తెకు ఇచ్చుట తప్పా?

“అయ్యగారూ, మా బిడ్డకు మేము ఇచ్చుకొనుట కూడ తప్పేనా?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. మంచి ప్రశ్న. తప్పు కాదు. తల్లిదండ్రులు పిల్లలకొరకు కూర్చిపెట్టుట తగునని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయములో ఒప్పుకొనుచున్నాడు. సెలోపెహాదుకు కుమారులు లేరు. అతని అయిదుగురు కుమార్తెలు మోషే యెదుటను, సమాజమంతటి యెదుటను నిలిచి తమ తండ్రి స్వాస్థ్యములో పాలు అడిగిరి. వారు అడిగినది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పెను. కాలేబు కుమార్తెయైన అక్సా తండ్రిని అడిగి పొలముతోపాటు నీటి మడుగులను సంపాదించుకొనెను (యెహోషువ 15:16-19). యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యమిచ్చెను (యోబు 42:15).

అయితే వీటిలో ఒక్కటియు పెండ్లికుమారుని వెల కాదు. ఇవి కుమార్తెకు, ఆమె పేరున, ఆమె చేతికి ఇచ్చినవి. కానుకకును కట్నమునకును భేదము తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనుడి:

మొదటిది: ఎంత ఇవ్వవలెనో నిర్ణయించినది ఎవరు? ఇచ్చువారా, పుచ్చుకొనువారా?
రెండవది: పెండ్లి అయిన తరువాత ఆ సొమ్ము ఎవరి చేతిలో ఉండును? అమ్మాయి చేతిలోనా, అత్తమామల పెట్టెలోనా?
మూడవది: అది ఇయ్యనియెడల పెండ్లి ఆగిపోవునా?

పుచ్చుకొనువారు నిర్ణయించి, వారి పెట్టెలో చేరి, అది లేనిదే పెండ్లి జరుగనిచో, దానికి కానుక అని పేరు పెట్టినను అది కట్నమే.

మరియొక మాట. కట్నము ఇచ్చితిమి గనుక కుమార్తెకు ఇక ఆస్తిలో పాలు లేదని చెప్పువారు మనలో కలరు. భారత వారసత్వ చట్టము, 1925 ప్రకారము ఒక క్రైస్తవుడు వీలునామా వ్రాయక మరణించినయెడల, అతని భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. సెలోపెహాదు కుమార్తెలకు దేవుడు చెప్పిన న్యాయము ఈ చట్టములోను కనబడుచున్నది. ఆడుబిడ్డకు మేలు చేయగోరు తండ్రి ఆమె పాలు ఆమె పేరున ఉంచవలెను.

4. దేశపు చట్టము

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1958లోనే కట్న నిషేధ చట్టము చేసెను. 1961లో దేశమంతటికిని వరకట్న నిషేధ చట్టము వచ్చెను. 1986లో దానిని సవరించి శిక్షను హెచ్చించిరి. ఆ సవరణ ప్రకారము కట్నము ఇచ్చుటకును పుచ్చుకొనుటకును శిక్ష సాధారణముగా అయిదు సంవత్సరములకు తక్కువ కాని ఖైదు. జరిమానా 15,000 రూపాయలు గాని కట్నపు విలువ గాని, వీటిలో ఏది ఎక్కువైన అది. అడుగకుండ ఇచ్చిన కానుకలు నేరము కాదు. అయితే వాటికి జాబితా వ్రాసి ఉంచవలెను. వధువు నిమిత్తము ఇతరులు పుచ్చుకొన్నది ఏదైనను ఆమెకే అప్పగింపవలెను. అధికారులకు లోబడుమని రోమా పత్రిక 13వ అధ్యాయములో చదువు మనము, ఈ ఒక్క చట్టమును మాత్రము వినని చెవులతో ఉండవచ్చునా? కట్నము మాటలు జరుగు చాపమీద సంఘపు పెద్ద కూర్చుండుట తగునా?

5. అప్పు లెక్క

ఒక తండ్రి పెండ్లికొరకు 3,00,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొనుడి. నెలకు వడ్డీ 6,000; సంవత్సరమునకు 72,000. యాబది నెలలు గడచునప్పటికి వడ్డీయే అసలంత అగును. అసలు మాత్రము అట్లే నిలిచియుండును. ఆ యాబది నెలలలో తమ్ముని చదువు ఆగును, తల్లి వైద్యము ఆగును, పొలము చేయి మారును. పెండ్లి పందిరి ఒక్కనాటిది; అప్పు ఏండ్ల తరబడినది.

అంతటితో తీరినదా? తీరదు. పుచ్చుకొన్నవారికి చాలలేదని తోచిననాడు అమ్మాయికి శ్రమలు మొదలగును. 2022లో మన దేశమున కట్నపు మరణములుగా నమోదైనవి 6,000కు పైగా నున్నవి. అందులో ప్రతి ఒక్కతెయు ఏదో ఒక ఇంట చిన్ననాడు ఉయ్యాలలో ఊగిన బిడ్డ. గనుక సంఘపు పెద్దలకు ఒక మనవి. కొట్టబడిన కుమార్తె పుట్టినింటికి తిరిగివచ్చినప్పుడు, సహనమును గూర్చిన వచనములు చెప్పి ఆమెను వెంటనే వెనుకకు పంపకుడి. మొదట ఆమెకు ఆశ్రయమిచ్చుడి, ఆమె చెప్పునది పూర్తిగా వినుడి. ప్రాణభయమున్నచోట చట్టపు సహాయము కోరుట అవిశ్వాసము కాదు. సహనము బోధింపవలసినదైతే, కొట్టినవానికి ముందు పశ్చాత్తాపము బోధింపుడి.

6. ప్రార్థనకు అడ్డు

పేతురు భర్తలకు వ్రాయుచు, భార్యలు జీవమను కృపావరములో తమతో పాలివారని జ్ఞాపకము చేసి, వారిని సన్మానింపుమని చెప్పి, లేనియెడల ప్రార్థనలకే ఆటంకము కలుగునని హెచ్చరించుచున్నాడు. ఇది భయంకరమైన మాట. తనతోకూడ కృపకు వారసురాలైన దానిని వెలకు పుచ్చుకొన్నవాడు మోకాళ్లూనినప్పుడు ఏమని ప్రార్థించును? ఇంట గోడమీద వాక్యపు పటము వ్రేలాడుచున్నను, బీరువాలో పరాయి తండ్రి కన్నీటి సొమ్ము ఉన్నచో ఆ ఇంటి ప్రార్థన ఎట్లు పైకి పోవును?

“మేము ఇదివరకే పుచ్చుకొంటిమి, ఇప్పుడేమి చేయవలెను?” అని అడుగువారును ఉందురు. వారికొరకు జక్కయ్య కథ వ్రాయబడియున్నది. ప్రభువు అతని ఇంటికి వచ్చిననాడు అతడు కేవలము పాట పాడి ఊరకుండలేదు, లెక్క చూచుకొనెను. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననెను. మీరును లెక్క చూచుకొనుడి. సొమ్ము ఉన్నయెడల కోడలి పేరున వేయుడి. ఖర్చయినయెడల కొంచెము కొంచెముగా తిరిగి కూర్చుడి. పొలము కొన్నయెడల ఆమె పేరు చేర్చుడి. ఆమె తల్లిదండ్రులు ఇంకను అప్పులో ఉన్నయెడల ఆ అప్పు మోయుటకు భుజమియ్యుడి. రక్షణ ఆ ఇంటికి వచ్చెనని ప్రభువు చెప్పినది అట్టి ఇంటిని గూర్చియే.

7. సంఘము చేయవలసినది

కానాలో పెండ్లి జరిగిన ఇంట ద్రాక్షారసము అయిపోయెను. మన మాటలలో చెప్పవలెనన్న, పంక్తిలో జనము కూర్చుండగా అన్నము చాలకపోయినట్లు. ప్రభువు ఆ ఇంటివారిని గద్దింపలేదు. వారి సిగ్గును కప్పెను. అక్కడ పనిచేసినవారు బానలు అంచులమట్టుకు నీళ్లతో నింపిరి. నింపుట మనుష్యుల పని. మార్చుట ప్రభువు పని. కట్నము వద్దని ప్రసంగించుట మాత్రమే చాలదు. పేద ఇంటి పెండ్లికి బానలు నింపుట మన పని.

మన తల్లులు వంట వేళ పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసి ఉంచు మంచి అలవాటు కలవారు. ఆ బియ్యములో ఒక భాగము పెండ్లి భోజనమునకు కేటాయింపవచ్చును. పందిరి రాటలు యౌవనస్థులు నాటవచ్చును; వంట స్త్రీల సమాజమువారు చేయవచ్చును. ధనవంతుని పెండ్లికిని పేదవాని పెండ్లికిని సంఘములో ఒకే రీతి భోజనము పెట్టుదమని పెద్దలు తీర్మానించుకొన్నయెడల, పోటీకి చోటుండదు. గుడిలో పెండ్లి ప్రకటన చదువుటకు ముందు కాపరియు పెద్దలును రెండు పక్షములవారిని వేరువేరుగా అడుగవలెను. అమ్మాయిని ఒంటరిగా, ఒక పెద్ద స్త్రీ సమక్షమున అడుగవలెను.

యౌవనస్థులారా, మీకు ఒక మాట. “నాకేమియు వద్దు, మా నాన్నగారే అడుగుచున్నారు” అని తప్పించుకొనకుడి. తల్లిదండ్రులను సన్మానించుట వేరు, వారి ఆశకు చాటున దాగుట వేరు. మర్యాదగా, స్థిరముగా మీ నోటితో చెప్పుడి. ఒక్క కుమారుడు అట్లు నిలిచినయెడల, ఆ యేడు ఆ పల్లెలో ఒక ఎకరము అమ్ముడుపోక నిలుచును.

ఇంట చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంట జరిగిన పెండ్లిండ్లలో అమ్మాయిని ఎవరు, ఎప్పుడు అడిగిరి?
2. మన కుమార్తెలకును కుమారులకును ఆస్తి పాళ్లను గూర్చి మన తలంపు ఏమి?
3. మన కోడలికి గాని ఆమె పుట్టినింటికి గాని మనము తిరిగి ఇయ్యవలసినది ఏమైనను కలదా?
4. ఈ సంవత్సరము మన సంఘములో జరుగబోవు ఏ పెండ్లికి మనము బాన నింపగలము?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా కుమార్తెలను నీవిచ్చిన బహుమానముగా చూచు కన్నులు మాకు దయచేయుము. మా కుమారులను ధరకు అమ్ముకొను ఆశను మా ఇండ్లనుండి తీసివేయుము. అప్పుభారముతో నలిగిన తండ్రులను ఆదరించుము. అత్తవారింట శ్రమపడు బిడ్డలకు ఆశ్రయము కలుగజేసి, వారి మాట వినగల చెవులు మాకిమ్ము. మేము తిరిగి ఇయ్యవలసినదానిని సిగ్గుపడక ఇచ్చు ధైర్యము మాకిమ్ము. కానా పెండ్లికి వచ్చిన ప్రభువు మా పల్లె పెండ్లిండ్లకును మొదటి అతిథిగా వచ్చును గాక. ఆమేన్.