మూడు చెంచాల నూనెతో నాన్న వేపుడు

పోయిన సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్లేసరికి మా ఇంట్లో బంగాళాదుంప వేపుడు ఆగిపోయింది. నాన్న రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువొచ్చిందట. డాక్టరుగారు నూనెలో వేయించినవి తగ్గించమంటే, అమ్మ పూర్తిగా మానిపించేసింది. నాన్నకేమో వేపుడు నంజుకోకపోతే చారన్నం దిగదు. నాలుగు ముద్దలు తిని లేచిపోతున్నారు. ఏమీ అనరు, అదే ఇబ్బంది.

నేను చేస్తానన్నాను. అప్పటికి నాకొచ్చిన వంట మ్యాగీ ఒక్కటే.

ముందు అసలు నూనె ఎంత పోతోందో తెలియాలి కదా! అమ్మ చేత ఒక్కసారి పాత పద్ధతిలోనే అరకిలో దుంపలు వేయించి, నూనెని ముందూ తర్వాతా తూచాను. 46 గ్రాములు తగ్గింది. గ్రాముకి 9 కేలరీలు, అంటే 400 పైమాటే. "అంత నేనెక్కడ పోశాన్రా?" అంది అమ్మ. అమ్మ పోసింది కాదు, దుంపలు పీల్చింది.

మర్నాడు నా ప్రయత్నం. రెండు చెంచాల నూనెలో ముక్కలన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేశాను. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "కూర బాగుందిరా" అన్నారు. వేపుడని అనలేదు.

తప్పెక్కడో తర్వాత చదివితే తెలిసింది. కరకరలాడేది నూనె వల్ల కాదు, నీళ్లు పోవడం వల్ల. దుంపలో దాదాపు 80 శాతం నీళ్లే. పైపొరలో తడి ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, దాటితే తప్ప ముక్క ఎర్రబడదు. నూనె పని ఆ వేడిని అన్నివైపులా అందించడమే. నేనేమో మూత పెట్టి, పోవాల్సిన ఆవిరిని మళ్లీ ముక్కల మీదకే పంపాను.

కుదిరిన పద్ధతి ఇది. అరకిలో దుంపల్ని అరంగుళం ముక్కలు కోసి అరగంట చన్నీళ్లలో ఉంచాలి. పైనున్న పిండి పోతుంది, ముక్కలు అతుక్కోవు. తర్వాత మరిగే ఉప్పునీళ్లలో నాలుగు నిమిషాలు ఉడికించి, వార్చి, పాత పంచె మీద ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టడంలో తొందరపడితే మళ్లీ కూరే. ఇనప పెనం బాగా కాలాక మూడు చిన్న చెంచాల నూనె, అంటే 15 మి.లీ., వేసి ముక్కల్ని ఒకే వరసలో పరవాలి. పట్టకపోతే రెండు వాయిలు. మూత వద్దు. ఐదు నిమిషాలు గరిటె పెట్టకూడదు (నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే). అడుగు ఎర్రబడ్డాక తిప్పుతూ ఇంకో పదినిమిషాలు వేయించాలి. కరివేపాకు, వెల్లుల్లి కారం దించేముందే వేయాలి, లేకపోతే మాడతాయి.

దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి వాటిలో పిండి చక్కెరగా మారి, వేయిస్తే తొందరగా నల్లబడతాయి.

మూడు చెంచాలంటే 125 కేలరీల లోపే. నూనె తగ్గింది గానీ దుంప దుంపే, షుగర్ ఉన్నవాళ్లకి ఇది పరిష్కారం కాదు.

అమ్మ చేసే వేపుడంత గుల్లగా ఉందని అబద్ధం చెప్పను. నాన్న మాత్రం రెండోసారి చారు పోయించుకున్నారు.

బెండకాయకి ఉడికించడం అక్కర్లేదు, కోసేముందే కడిగి తుడిస్తే చాలు. కాకరకాయ మాత్రం నాకింకా కుదర్లేదు. మీలో ఎవరికైనా కుదిరితే చెప్పండి, సంక్రాంతికి ఇంటికెళ్తున్నాను.