సరుకును చదివే కొలువు

2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. ఆ వార్త వినగానే చెన్నై గుండె గుభేలుమంది. మణలిలోని కంటైనర్ గోదాములో అప్పటికి అదే సరుకు దాదాపు 700 టన్నులు ఏళ్ల తరబడి మూలుగుతోంది మరి. రోజుల వ్యవధిలోనే దాన్ని కంటైనర్లలో హైదరాబాద్‌కు తరలించడం మొదలుపెట్టారు. అలాంటి లోడు తోలడానికి ఉత్త హెవీ లైసెన్సు చాలదు.

ఎవరు అర్హులు?

రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందే కనీసం ఏడాదిపాటు లైట్ మోటార్ లైసెన్సు ఉండాలి. ప్రమాదకర సరుకుకైతే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వది మరో మెట్టు పెట్టింది. ఇంగ్లిషుతో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాషలో చదవడం, రాయడం రావాలి. ఆ జాబితాలో తెలుగూ ఉంది కాబట్టి తమిళం రాయడం రాదని చెన్నైలో వెనకాడనక్కర్లేదు.

మూడు రోజుల శిక్షణ

డిఫెన్సివ్ డ్రైవింగ్, పైస్థాయి డ్రైవింగ్ నైపుణ్యాలు, సరుకు భద్రత నేర్పుతారు. ఉత్తీర్ణులైతే ఆర్టీవో మీ లైసెన్సు మీద ప్రమాదకర సరుకు తోలే అనుమతి నమోదు చేస్తారు. 2019 సవరణ తర్వాత దీని గడువు మూడేళ్లు. రెన్యువల్‌కు ఒకరోజు రిఫ్రెషర్ తప్పనిసరి.

అసలు పాఠం సరుకును చదవడమే. ప్రమాదకర సరుకులు తొమ్మిది తరగతులు. పెట్రోలు మూడో తరగతి, నిప్పు తగిలితే తానే అంటుకుంటుంది. అమ్మోనియం నైట్రేట్ ఐదో తరగతి, పక్కనున్న మంటకు ఆజ్యం పోస్తుంది. లీకైతే ఏం చేయాలో చెప్పే ట్రెమ్ కార్డు క్యాబిన్‌లో ఉండాలి. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషనుకూ, బండి యజమానికీ వెంటనే చెప్పడం డ్రైవరు బాధ్యత.

స్టీరింగ్ వద్దనుకుంటే

ఓడల్లో వెళ్లే సరుకుకు ఐఎండీజీ కోడ్ ఉంది. ఆ సరుకును ప్యాక్ చేసేవారికీ, కాగితాలు రాసేవారికీ 2010 నుంచి శిక్షణ తప్పనిసరి. విమాన సరుకుకు ఐయాటా నియమాలు వర్తిస్తాయి, శిక్షణను 24 నెలలకోసారి పునరుద్ధరించుకోవాలి. చెన్నై, ఎన్నూరు రేవులు, మీనంబాక్కం కార్గో, ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసుల్లో ఈ సర్టిఫికెట్లు పనికొస్తాయి. కెమిస్ట్రీ చదివినవారికి తరగతుల లెక్క తేలిగ్గా అబ్బుతుంది.

ఫీజు కట్టేముందు

డ్రైవింగ్ కోర్సు అయితే ఆ సంస్థ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో ఆర్టీవో ఆఫీసులో, విమాన కోర్సు అయితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉందో లేదో కనుక్కోండి. ఈసారి ఎన్నూరు రోడ్డులో ట్యాంకర్ వెనక ఆగితే దాని మీది అంకెలు చూడండి. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంటగ్యాస్.