విధి యను శబ్దము

ముందుగా నిర్ణయింపబడి, మనుష్యప్రయత్నముచే మార్పరానిదానిని మనవారు విధి యనుచున్నారు. ఈ శబ్దమున కర్థము లెవ్వియో, అది యెచ్చట యుక్తముగా ప్రయోగింపదగునో యించుక విచారింతము.

ఇది సంస్కృతపదము, 'వి' యను నుపసర్గతో గూడిన 'ధా' ధాతువునుండి పుట్టినది. ఏర్పఱచుట దీని మూలార్థము. అమరకోశము దీనిని దైవము, భాగ్యము, నియతి యనువానితో జేర్చినది. బ్రహ్మకును ఇది పేరు. మీమాంసాశాస్త్రమునందు మాత్రము విధి యనగా 'ఇది చేయవలెను' అను శాసనము. 'చేయరాదు' అనునది నిషేధము.

తెలుగు వాడుకలో నీ రెండర్థములును నిలిచియున్నవి. 'విధిగా రావలెను' అన్నచో తప్పక యని భావము. 'విధిలేక యొప్పుకొంటిని' అన్నచో గత్యంతరము లేక యని. ఉద్యోగి విధి యాతని కర్తవ్యము. విధివ్రాత యన్నచో తలవ్రాత. కర్తవ్యమను నర్థము మనుజుని పనికి పురికొల్పును. తలవ్రాత యను నర్థము చేతులు ముడిచి కూర్చుండజేయును.

న్యాయాధిపతియు శిక్ష విధించును. కాని యంతకుముందు ఉభయపక్షముల వాదము వినవలెను, సాక్ష్యము పరిశీలింపవలెను. విచారణకు ముందే వ్రాసిపెట్టిన తీర్పును న్యాయవాదులమైన మేము తీర్పని యొప్పుకొనము. పూర్వము పసిబాలిక వితంతువైనప్పుడు 'దాని విధి' యన్నవారు ఏ విచారణ చేసిరి? భర్త మరణమును ఆపుట యెవరి తరమును కాకపోవచ్చును. శిరోముండనమును, పునర్వివాహ నిషేధమును విధించినది దైవమా, బంధువులా? 1856వ సంవత్సరపు శాసనముచే వితంతువివాహము చెల్లుబాటయ్యెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. మార్పరానిదని లోకులు చెప్పినది మాఱెను. కావున నది విధి కాదు, ఆచారము మాత్రమే.

2006వ సంవత్సరపు శాసనము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదని నిషేధించినను, నేడును చదువు మాన్పించి పెండ్లి చేసి, 'దాని వ్రాత' యనువారు లేకపోలేదు. ముహూర్తము పెట్టించినది తండ్రి. నింద మోయునది బ్రహ్మ!

కావున చదువరులారా, ఈ మాట నోటికి వచ్చినపుడెల్ల 'దీనిని నిర్ణయించిన వారెవరు? ఇంకను మార్ప వీలున్నదా?' యని ప్రశ్నించుకొనుడు. మనుష్యులు నిర్ణయించినదైనచో దానిని ఆచారమనుడు, అలక్ష్యమనుడు, అన్యాయమనుడు, విధి యనకుడు. దానిని మాన్పుటయే మన విధి.